అజరయ్య బిషప్పుతో తగవు

ఆంగ్లికన్ సంఘం ఒక భారతీయుణ్ణి మొట్టమొదటిసారి బిషప్పుగా అభిషేకించింది 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. పుట్టింది తిరునల్వేలి సీమలో, బతుకు ధారపోసింది డోర్నకల్‌లో. 1945 జనవరి 1న కన్నుమూసిందీ, మట్టిలో కలిసిందీ అక్కడే. చర్చి గడప తొక్కని తెలుగువాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. తొక్కేవాళ్లకి గోడమీద ఫొటోగా తెలుసు, విజయవాడలో ఆడపిల్లల బడి పేరుగా తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పల్లెల్లో తిరిగి, మాలపేటల, మాదిగపేటల నడతనే మార్చిన మనిషి గురించి మనం ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

పొగిడి ఊరుకుంటే ఆయన్ని మళ్లీ ఫొటోలోకి పంపినట్టే. అందుకని ఇక్కడ ఇద్దర్ని తగవుకి కూర్చోబెట్టాను. మామయ్య డోర్నకల్ దగ్గరి బళ్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన తాత తలమీద అజరయ్య చేతులుంచి కన్ఫర్మేషన్ ఇచ్చారు. మేనకోడలు వరంగల్లులో వకీలు, దళిత క్రైస్తవుల కుల ధ్రువపత్రాల కేసులు ఎక్కువగా చూస్తుంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. మాటలు మాత్రం మన సంఘాల్లో రోజూ వినపడేవి.

మేనకోడలు: మామయ్యా, జనవరి ఒకటిన సమాధి మీద పూలు పెట్టి వచ్చారట. కాదనను. కానీ నా దగ్గరికొచ్చే కుర్రాళ్ల కాగితాలు ఒకసారి చూడండి. తాత మాల, నాన్న మాల, ఊరు మొత్తానికి వాడు మాల. కాగితం మీద మాత్రం బీసీ-సి. ఎందుకయ్యా అంటే క్రైస్తవుడు. అదే పేటలో బాప్తిస్మం తీసుకోని పెదనాన్న కొడుకు ఎస్సీ. ఇద్దరికీ ఒకటే బావి దగ్గర ఒకటే అవమానం. ఈ గతికి దారి 1932లో పడింది. ఆ దారి వేసినవాళ్లలో మీ బిషప్పు ఉన్నారు.

మామయ్య: అక్కణ్ణుంచి మొదలుపెడితే ఎట్లా బిడ్డా? 1932 నాటికి ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. ఒక మనిషి యాభై ఎనిమిదో ఏట అన్న ఒక మాటని పట్టుకుని, అంతకు ముందుదీ తర్వాతదీ కొట్టేస్తావా? ముందు మనిషెవరో చూడు, తర్వాత శిక్ష వెయ్యి.

మేనకోడలు: చూస్తాను, చెప్పండి.

మామయ్య: 1874 ఆగస్టులో వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి పాస్టరు. కులం నాడార్లు. తాటిచెట్లెక్కి కల్లు గీసిన కులం, గుడి దరిదాపులకి రానివ్వని కులం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి డిగ్రీ చేతికి రాకుండానే బయటికొచ్చారు. ఇరవై ఏళ్లకే వైఎంసీఏలో చేరి దక్షిణదేశం అంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ని పెళ్లాడారు. తిరునల్వేలి క్రైస్తవ ఆడవాళ్లలో కాలేజీ మెట్లెక్కిన తొలివాళ్లలో ఆమె ఒకరు. ఆ పెళ్లికి కట్నం లేదు. ఆ కాలంలో ఆ ఒక్క పనికే బంధువులు మాటలు మానేసేవాళ్లు.

మేనకోడలు: కట్నం పుచ్చుకోనివాళ్లకల్లా సమాధులు కడితే చోటు చాలదు మామయ్యా. అసలు సంగతికి రండి.

మామయ్య: అసలు సంగతి 1902. ఆ ఏడు ఆయన యాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా సొంత డబ్బుతో సొంత మనుషుల్ని సువార్తకి పంపుతున్నారు. తిరునల్వేలిలో అప్పటికి వందేళ్లుగా సంఘం ఉంది, ఒక్కణ్ణి కూడా అట్లా పంపలేదు. ఆయనకి సిగ్గేసింది. మరుసటేడు, 1903లో, ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905 క్రిస్మస్ రోజున సేరంపూర్‌లో, విలియం కేరీ పనిచేసిన చోట, కె.టి. పాల్ లాంటివాళ్లతో కలిసి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులు మనవాళ్లు, డబ్బు మనది, పెత్తనం మనది. అది బెంగాలు చీలిన ఏడు, విదేశీ బట్ట తగలబెట్టిన ఏడు. వాళ్లు వీధిలో చేసింది ఈయన చర్చిలో చేశారు.

మేనకోడలు: అక్కడే నాకు పేచీ. చర్చిలో స్వదేశీ, బయట సర్కారుకి సలాం. ఈయన కాంగ్రెసులో చేరలేదు, జైలుకి వెళ్లలేదు, గవర్నర్ల బంగళాలకి మాత్రం వెళ్లారు. పైగా ఈయన్ని పైకి తెచ్చిందెవరు? మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్. దొర చెయ్యి పట్టుకుని ఎక్కిన స్వదేశీ అది.

మామయ్య: దొర చెయ్యిచ్చిన మాట నిజం. వైట్‌హెడ్ మామూలు దొర కాదు. మన గ్రామదేవతల మీద 1916లో పుస్తకం రాశారు, జాతరలు, బలులు, పోతురాజు, ఎల్లమ్మ అన్నీ తెలుసుకుని. అట్లాంటి మనిషి అజరయ్యలో ఏదో చూశారు. ఇచ్చిన చెయ్యి సంగతి సరే, ఎక్కినాయన ఏం చేశారో చెప్పనీ. 1909లో వైఎంసీఏ పెద్ద ఉద్యోగం వదిలేసి డోర్నకల్ వచ్చారు. అప్పటి డోర్నకల్ ఏముంది? నైజాం రాజ్యం, కాజీపేట-బెజవాడ లైను మీద ఒక జంక్షను, ఇల్లెందు బొగ్గు దిగే చోటు, చుట్టూ అడవి, మలేరియా. అది తిరునల్వేలివాళ్లు నడిపే మిషను. ముప్పై అయిదేళ్ల మనిషి అక్షరాల దగ్గర్నుంచి తెలుగు నేర్చుకుని, పేట అరుగుమీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. తమిళనాట హాయిగా బతకగలిగిన మనిషి.

మేనకోడలు: ఆ కష్టాన్ని నేనెప్పుడూ తక్కువ చెయ్యలేదు.

మామయ్య: ఆ మరుసటేడే, 1910లో, ఎడింబరో మహాసభ. ప్రపంచంలోని మిషన్లన్నీ ఒకచోట చేరాయి. 1200 మంది కూర్చున్న హాల్లో ఆసియావాళ్లు 20 మంది కూడా లేరు. ఈయన లేచి ఏం మాట్లాడారో తెలుసు కదా?

మేనకోడలు: తెలుసు. మీరు మాకు డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదు, అది కావాలి అన్నారు. మన వాళ్లింటికి దొర వచ్చి కూర్చోడు, తన ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోడు అని నిలదీశారు. ఆ మాటకి హాల్లో కొందరు మొహాలు మాడ్చుకున్నారని చదివాను. నిజం చెప్పాలంటే ఆయన జీవితంలో నాకు నచ్చే ఘట్టం అదే.

మామయ్య: మరి నచ్చితే ఒప్పుకో. మనవాళ్ల జీతం మిషను చేతిలో, ఉద్యోగం మిషను చేతిలో ఉన్న రోజుల్లో అదే మిషన్ల సభలో నిలబడి అన్నారు. జైలుకెళ్లడం ఒక ధైర్యం. అన్నం పెట్టే చేతితో నువ్వూ నేనూ సమానం అనడం ఇంకో ధైర్యం.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పండి. ఆయన్ని బిషప్పుని చేద్దామనగానే మిషనరీలు నల్లబిషప్పు కింద పనిచెయ్యం అన్నారు. అందుకని మొదట ఒక చిన్న ముక్క కోసి ఇచ్చారు, తెల్లమిషనరీలు ఉండని చోటు చూసి. కృష్ణా, గోదావరి తీరాల్లో సీఎంఎస్, ఎస్పీజీ అనే ఇంగ్లీషు మిషన్ల ప్రాంతాలు కలిసి ఆయన డయాసిస్, అంటే బిషప్పు పరిధి, పెద్దదయింది 1920 తర్వాతే. మనవాళ్లేమన్నా తక్కువా? తిరునల్వేలిలోనే పై కులాల క్రైస్తవులు ఒక నాడారు బిషప్పేమిటని ముక్కు విరిచారు. 1912 నుంచి చనిపోయేదాకా ఈ దేశంలో సొంత డయాసిస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయనొక్కరే. ముప్పై రెండేళ్లు! ఒక్కణ్ణి కుర్చీ ఎక్కించి, చూశారా మేం ఎంత మంచివాళ్లమో అని లోకానికి చూపించుకున్నారు. ఆయన పోయాక డోర్నకల్ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

మామయ్య: ఎలియట్ గారు.

మేనకోడలు: తెల్లాయన. 1955 దాకా ఆయనే. ఎడింబరోలో అడిగిన స్నేహానికి ముప్పై అయిదేళ్ల తర్వాత అందిన జవాబు అది.

ఈ మాటకి మామయ్య దగ్గర వెంటనే సమాధానం లేదు, నా దగ్గరా లేదు. ఎలియట్ మంచి మనిషే, 1935 నుంచి అజరయ్యకి సహాయ బిషప్పుగా ఉండి ఊళ్లు తిరిగిన మనిషే. కానీ ముప్పై రెండేళ్లలో 200 మందికి పైగా తెలుగు పాస్టర్లను తయారుచేసిన డయాసిస్‌లో ఆ కుర్చీకి తగిన తెలుగువాడు ఒక్కడు కూడా కనపడలేదంటే, చూసేవాళ్ల కళ్లలో దోషం ఉంది.

మామయ్య: సరే, కుర్చీ సంగతి వదిలెయ్. కుర్చీలో కూర్చుని పాలించిన మనిషి కాదు ఆయన. మా తాత చెప్పేవాడు, ఎడ్లబండి మీద, దారి లేనిచోట కాలినడకన వచ్చేవాళ్లట. పేటలోకొచ్చి పిల్లల గోళ్లు చూసేవాళ్లు, తల చూసేవాళ్లు, ఇంటి ముందు మురుగు చూసేవాళ్లు. అప్పుందా అని అడిగేవాళ్లు. తాగుతున్నావా అని అడిగేవాళ్లు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగూ పోనిదే పేట బాగుపడదని ఆయన నమ్మకం. మనవాళ్లు అప్పటికి ఊరి దొర దగ్గర తరతరాలుగా భగేలాలుగా పడి ఉన్నారు. తండ్రి అప్పుకి కొడుకు జీతం. చచ్చిన గొడ్డు మాంసం తప్ప మాంసం ఎరగరు. అట్లాంటి చోట ఒక బడి, ఒక ఉపదేశి, ఆదివారం ఒక శుభ్రమైన బట్ట. నీకిది చిన్నదిగా కనపడుతుందేమో.

మేనకోడలు: చిన్నది కాదు. అయినా ఒకటడుగుతాను. అప్పు తీర్చుకో, తాగుడు మాను, గోళ్లు కత్తిరించుకో. అన్నీ మనకే చెప్పారు. ఆ అప్పు ఇచ్చి నూటికి నూరు వడ్డీ గుంజిన దొరకి ఏం చెప్పారు? భూమి గురించి ఏమన్నారు? ఆయన పోయిన ఏడాదిన్నరకే అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది, తెలంగాణ అంతా రగిలింది. భూమి గురించి మాట్లాడినవాళ్లు ఎర్రజెండావాళ్లే.

మామయ్య: భూమి గురించి ఆయన ఉద్యమం చెయ్యలేదు, నిజం. కానీ ఉద్యమం చెయ్యాలంటే ముందు తల ఎత్తి నిలబడే మనిషి కావాలి కదా. జాతరలో డప్పు కొట్టం అని మాదిగలు మొదటిసారి అన్నది ఏ ధైర్యంతో? అన్నందుకు ఇళ్లు కాలాయి, పనులు పోయాయి, బావులు మూసేశారు. అయినా అన్నారు. కాదనడం అక్కడ నేర్చుకున్నారు. ఇంకో సంగతి. ఈ పేటల మార్పు చూసి 1930ల్లో కమ్మలు, రెడ్లు, తెలగాలు, వడ్డెరలు, ఎరుకలవాళ్లు సంఘాలకి రావడం మొదలుపెట్టారు. పైనున్నవాడు కిందివాణ్ణి చూసి నేర్చుకోవడం ఈ దేశంలో ఎన్నిసార్లు జరిగింది చెప్పు?

మేనకోడలు: అది మాత్రం గొప్ప సంగతే. నేను కాదనలేను.

మామయ్య: బాప్తిస్మం పుచ్చుకున్న ప్రతివాడి చేతిని వాడి తలమీదే పెట్టించి, సువార్త చెప్పడం ఇక నా పని అని వాడి నోటనే పలికించేవారట. మాట చెప్పేవాడు దొర కాదు, ఉపదేశి కాదు, నువ్వే. నిన్న గొడ్ల దగ్గర పడుకున్నవాడికి ఆ మాట ఎంత బరువో ఆలోచించు. డోర్నకల్ దైవశాస్త్ర పాఠశాలలో మగవాడితో పాటు భార్యకీ చదువు చెప్పించారు. అన్బు అమ్మగారు తల్లుల సమాజం నడిపారు. వంట చేసేముందు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం పక్కన పెట్టేవాళ్లు, అది చర్చికి. కోతల పండక్కి ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు మోసుకొచ్చేవాళ్లు. ఎప్పుడూ పుచ్చుకునే చేతికి ఇవ్వడం నేర్పారు. ఇవ్వడం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. 1930ల మధ్యకి డయాసిస్‌లో రెండు లక్షల మందికి పైగా ఉన్నారు. జపాను, కొరియా, చైనా మూడు దేశాల ఆంగ్లికన్లను కలిపినా అంతమంది లేరు.

మేనకోడలు: ఆ లెక్కే గాంధీగారికి గుచ్చుకుంది.

మామయ్య: గుచ్చుకుంది. 1936లో జాన్ మాట్ అనే అమెరికన్ పెద్దాయన వస్తే, ఆవుకి వెళ్లి సువార్త చెబుతావా అని అడిగారు గాంధీగారు. హరిజనులకి యేసుకీ మహమ్మదుకీ తేడా తెలిసే బుద్ధి లేదట. ఆయన మంచితనం మీద నాకు గౌరవమే, కానీ ఆ మాట మా తాతని అన్నమాట. మా తాతకి ఏం కావాలో మా తాతకే బాగా తెలుసు. బియ్యానికో పాలపిండికో వెళ్లుంటే, ఊరు ఇల్లు తగలబెట్టిన రోజే వెనక్కి వచ్చేసేవాడు.

మేనకోడలు: ఇక్కడ మీదీ నాదీ ఒకటే మాట. ఇప్పుడు నా అసలు ప్రశ్నకి వస్తాను, తప్పించుకోకండి. 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డు వచ్చింది. ముస్లిములకి, సిక్కులకి, అణగారినవాళ్లకి, భారతీయ క్రైస్తవులకి వేరువేరు నియోజకవర్గాలు. మీ బిషప్పు క్రైస్తవులకి అవి వద్దన్నారు. ఎందుకు?

మామయ్య: ఎందుకంటే సంఘం ఒక కులం కాదు కాబట్టి. ప్రత్యేక ఓటు పెడితే ఏమవుతుంది? బాప్తిస్మం ఇచ్చిన ప్రతిసారీ పక్కింటివాడు ఒక ఓటు తగ్గిందని లెక్కపెడతాడు. అప్పుడు సువార్త ఓట్ల బేరం అవుతుంది. మాలపేటలో అన్న క్రైస్తవుడు, తమ్ముడు కాదు. అన్న ఓటు ఒక పెట్టెలో, తమ్ముడి ఓటు ఇంకో పెట్టెలో. పేట రెండు ముక్కలు. క్రైస్తవుడు తన దేశంలో, తన ఊళ్లో, తన చుట్టాల మధ్య ఉండాలి గానీ గోడకట్టుకుని వేరే కాపురం పెట్టకూడదని ఆయన పట్టుదల. తన మనుషులకి వచ్చే సీట్లు తనే వద్దన్న నాయకుణ్ణి ఇంకొకణ్ణి చూపించు.

మేనకోడలు: త్యాగం గొప్పదే. కానీ ఎవరిది పోయింది? ఆయన నమ్మకం నిలబడింది, చివరికి మన సీటు పోయింది. పైగా ఎవరి అనుమానం పోవాలని ఇదంతా చేశారో వాళ్ల అనుమానం పోయిందా? ఆవు మాట వచ్చింది 1936లో, ఆయన సీట్లు కాదన్న నాలుగేళ్ల తర్వాత. మతం మార్చి తల లెక్క పెంచుకుంటున్నారన్న మాట ఇవాళ్టికీ ఆగలేదు. నమ్మకం రాలేదు, హక్కూ రాలేదు. ఆ దారే రాజ్యాంగ సభ దాకా పోయింది. అక్కడ మైనారిటీ సీట్లు మాకొద్దని హెచ్.సి. ముఖర్జీ లాంటి క్రైస్తవ పెద్దలే అన్నారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదని. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనం బయటే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చేర్చమంది, చేర్చలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మేం సీట్లు అడిగే జాతి కాదు అని మన పెద్దలు చెప్పిన మాట మన మెడకే చుట్టుకుంది.

మామయ్య: 1950 ఉత్తర్వు రాసింది ఆయన కాదు. అప్పటికి ఆయన పోయి అయిదేళ్లు.

మేనకోడలు: రాయలేదు. రాసినప్పుడు అడ్డం నిలబడే అలవాటు లేకుండా చేసినవాళ్లలో ఒకరు. సంఘంలో కులం లేదన్నది ఆయన కోరిక. ఆ కోరికని ప్రభుత్వం నిజమని తీసుకుంది. క్రైస్తవుడివి కదా, నీకు కులమెక్కడిది, కులం లేనివాడికి రిజర్వేషన్ ఎందుకు అంటోంది. మరి సంఘంలో కులం పోయిందా? మీరే చెప్పండి. డోర్నకల్ డయాసిస్‌లో మాల చర్చి, మాదిగ చర్చి అని ఊళ్లల్లో రెండు లేవా? బిషప్పు ఎన్నిక వచ్చిందంటే లెక్కలు ఏ లెక్కలు?

మామయ్య: ఆ లెక్కలు నాకూ తెలుసు బిడ్డా. సిగ్గుపడతాను. ఆయన బతికున్నప్పుడే ఆ గొడవ ఉంది. మాలలున్న చోటికి మాదిగలు రాం అనడం, ఒకే గిన్నెలో ప్రభువు బల్ల తీసుకోం అనడం. ఆయన దాంతో చివరిదాకా పోరాడారు. గెలిచారని చెప్పను.

మేనకోడలు: మీరు ఈ మాట ఒప్పుకున్నందుకు సంతోషం.

మామయ్య: నేను ఒకటి ఒప్పుకున్నాను, నువ్వు ఒకటి ఒప్పుకో. ఆయన తనకి న్యాయం కనపడిన చోట ఎవరినీ లెక్కచెయ్యలేదు. 1927లో లోజాన్‌లో జరిగిన సంఘాల సభలో పడమటివాళ్ల ముందు నిలబడి, మీ చీలికలు మీకు బలహీనత కావచ్చు, మాకు మాత్రం అవి పాపం అన్నంత పనిచేశారు. 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన ఐక్యత కోసం ఇరవై అయిదేళ్లు తిరిగారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకే సంఘం కావాలి. ఇంగ్లండులో పుట్టిన తగాదాలు ఖమ్మం జిల్లా పల్లెకెందుకు? బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘం కలవడం క్రైస్తవ లోకంలో అంతకుముందు జరగలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, పుట్టింది. ఆయన చూడలేదు. పని మాత్రం ఆయనది.

మేనకోడలు: ఆయన డయాసిస్‌లోనే నంద్యాల వైపు ఆంగ్లికన్లు వేలమంది మేం కలవం అన్నారు కదా. 1975 దాకా కలవలేదు.

మామయ్య: నంద్యాలవాళ్లకి తమ కారణాలున్నాయి. ఎస్పీజీ పాతకాపులు, పాత ఆరాధనకి అలవాటుపడ్డవాళ్లు. ఒక పెద్ద పనిలో అందరూ వెంటరారు. నువ్వు ఎప్పుడైనా డోర్నకల్ కెథడ్రల్ లోపలికి నిదానంగా చూశావా? ఊరికే పండగకొచ్చి పోవడం కాదు.

మేనకోడలు: చూశాను. గుమ్మటాలు, మినార్లు మసీదులా ఉంటాయి, లోపలి స్తంభాలు గుడి మండపంలా ఉంటాయి.

మామయ్య: 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు, ఎపిఫనీ పండగ రోజున. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసు దగ్గరికొచ్చిన పండగ. ఏళ్ల తరబడి కట్టారు. తలుచుకుంటే లండన్ బొమ్మ ఒకటి తెచ్చి నిలబెట్టడం సులువు. ఈయన నైజాం ఊళ్లో తురకలదీ, హిందువులదీ, మనదీ కలిపి కట్టారు. నువ్వన్న సర్కారుకి సలాం కొట్టే మనిషి కట్టే ఇల్లు కాదది. సీట్లు వద్దన్నదీ ఈ మనిషే. రెండిటిలోనూ ఒకటే బుద్ధి. మనం ఈ నేల మనుషులం, వేరే జాతి కాదు అన్న బుద్ధి.

మేనకోడలు: ఆ బుద్ధి నాకర్థమైంది మామయ్యా. నా కష్టం కూడా అక్కడే ఉంది. ఆయన ఈ నేలని తనదనుకున్నారు. ఈ నేల మనల్ని తనవాళ్లనుకోలేదు. ప్రేమతో కట్టిన గోపురం కాపాడదు, కాగితం మీద రాసిన హక్కు కాపాడుతుంది. ఆ కాగితం అడగాల్సిన రోజున ఆయన అడగలేదు.

మామయ్య: అడగాల్సింది నువ్వు. అడుగు. తల ఎత్తి అడగడానికి నీ ముత్తాతకి చదువు చెప్పిన బడి ఆయనది. ఆ మాట మాత్రం కోర్టులో కూడా దాచకు.

వాళ్లు ఇంకా మాట్లాడుకుంటారు. నా మాట ఇది. 1932 విషయంలో నేను మేనకోడలి పక్షం. సంఘం కులంగా గడ్డకట్టకూడదన్న అజరయ్య పట్టుదల ఉన్నతమైనదే, కానీ పేటని వదిలిపెట్టని కులాన్ని ఆ పట్టుదల ఒక్క అంగుళం కదిలించలేదు, దానికి ఖరీదు కట్టింది పేదవాళ్లు. డోర్నకల్ పల్లెల్లో ఆయన చేసిన పని విషయంలో మాత్రం మామయ్య పక్షం. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు దళితుల చరిత్రని భాగ్యరెడ్డివర్మతోనూ జాషువాతోనూ మొదలుపెట్టేవాళ్లు ఆ వరసలో ఈ నాడారు బిషప్పుకి చోటివ్వకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది.

ఆయన మీద పెద్ద పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. 2000లో సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ రాసినదే వాటిలో మేలైనది. దాన్ని ఎవరైనా తెలుగు చేస్తే మంచిది, కానీ అది చాలదు. బిషప్పు ఉత్తరాలు ఆర్కైవుల్లో ఉన్నాయి. ఆయన బాప్తిస్మపు వరసలో నిలబడినవాళ్లు ఆ రోజు ఏమనుకున్నారో, ఊళ్లో ఆ రాత్రి ఏం జరిగిందో ఏ ఆర్కైవులోనూ లేదు. మహబూబాబాదు, ఖమ్మం, కృష్ణా, గోదావరి పల్లెల్లో ఇంకా కొందరు ముసలివాళ్లకి తాతలు చెప్పిన మాటలు గుర్తున్నాయి. ఈ రాత చదివేవాళ్లలో ఆ ఇళ్ల పిల్లలుంటే, ఆ ముసలివాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఊరి పేరు, పేట పేరు, ఏడు, ఏం పోగొట్టుకున్నారు, ఏం దక్కింది రాసిపెట్టండి. పాత బాప్తిస్మ పత్రం, చందా రసీదు, చర్చి మెట్ల మీద తీసిన ఫొటో ఏది దొరికినా పారేయకండి.